ముఖం చివర చూడండి



ఈ పూట కొన్ని బొమ్మల గురించి మాట్లాడుకుందాం. జపాను దేశపు బొమ్మలు. అందులోనూ ఆడవాళ్ళ బొమ్మలు. మీలో చాలామంది వీటిని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. క్యాలెండరు మీదో, విసనకర్ర మీదో, పుస్తకం అట్ట మీదో. పాదాల దాకా జారే కిమోనో. ఎత్తుగా చుట్టిన కొప్పు, అందులో దువ్వెన. ముఖం మాత్రం అన్నిటిలోనూ ఒక్కలాగే కనిపిస్తుంది. గీత గీసినట్టు కళ్ళు, చిన్న నోరు, సన్నగా వంగిన ముక్కు. నవ్వూ లేదు, ఏడుపూ లేదు. అందుకే, "బాగున్నాయి గానీ అన్నీ ఒకేలా ఉన్నాయండీ" అని పేజీ తిప్పేసేవాళ్ళు చాలామంది.

వాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఈ బొమ్మల్లో ముఖాన్ని చివర చూడండి. ముందు బట్ట చూడండి. బట్ట రంగు చూడండి. దాని మీద ఏ పువ్వు వేశారో చూడండి. నడుముకు చుట్టిన పట్టీని ఎటువైపు ముడి వేశారో చూడండి. ముఖాన్ని చిత్రకారుడు కావాలనే మౌనంగా ఉంచాడు. మాట్లాడే పని బట్టకు అప్పజెప్పాడు.

మనకిది కొత్తేమీ కాదు. మధుపర్కాలు కట్టుకున్న పిల్ల ఎదురైతే ఎవరినీ అడగం. ఎర్ర అంచు తెల్లచీర చూడగానే పెళ్ళికూతురని తెలిసిపోతుంది. జపానులో ఆ భాషను చాలా దూరం తీసుకువెళ్ళారు. ఎంత దూరమో చూద్దాం.

సుమారు వెయ్యేళ్ళ కిందట, అక్కడి రాజాస్థానంలో మురసాకి షికిబు అనే స్త్రీ 'గెంజి గాథ' రాసింది. ఆ కథకు 12వ శతాబ్దంలో బొమ్మలు వేశారు. పొడుగాటి కాగితపు చుట్టల మీద వేసిన బొమ్మలు. అవి పూర్తిగా మిగల్లేదు. మిగిలిన ముక్కలు ఇప్పుడు నాగోయాలో కొన్ని, టోక్యోలో కొన్ని ఉన్నాయి. వాటిలో ప్రతి మనిషి కన్నూ ఒక గీత, ప్రతి ముక్కూ ఒక చిన్న కొక్కెం. అంతే. ఆ స్త్రీలు ఒకదాని మీద ఒకటిగా ఎన్నో పొరల వస్త్రాలు వేసుకునేవారు. మెడ దగ్గర, చేతుల చివర ఆ పొరల అంచులు వరసగా కనిపించేవి. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో ఋతువును బట్టి ఉండేది. వసంతానికి ఒక జత, శరత్తుకు ఒక జత. తెర కింద నుంచి చేతి అంచు కొంచెం బయటికి కనిపిస్తే చాలు, లోపల కూర్చున్నావిడ అభిరుచి ఎలాంటిదో బయటివాళ్ళు చెప్పేసేవారు. కొన్ని రంగులైతే అనుమతి లేనివాళ్ళు కట్టకూడదు. అంటే రంగును బట్టి హోదా తెలిసేది, ఋతువు తెలిసేది, మనసు కూడా తెలిసేది. ముఖం చెప్పాల్సిన అవసరమే లేకపోయింది.

ఇక్కడి నుంచి ఐదు వందల ఏళ్ళు ముందుకు వద్దాం. ఊరి పేరు ఎదో. నేటి టోక్యోయే అప్పటి ఎదో. అక్కడ హిషికవా మొరొనొబు అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆయన తండ్రి బట్టల మీద బంగారు, వెండి రేకులతో, దారాలతో పనిచేసేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కొడుకు వేసిన బొమ్మలో బట్టే రాణి.

ఆ బొమ్మ పట్టు గుడ్డ మీద వేసింది. ఒక స్త్రీ నడిచి వెళ్ళిపోతూ, ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసింది. అంతే బొమ్మ. వెనక చెట్టు లేదు, ఇల్లు లేదు, ఆకాశం లేదు. ఖాళీ. ఆ ఖాళీలో నిండు ఎరుపు కిమోనో. దాని మీద గుండ్రంగా కూర్చిన పూలు. చెర్రీ పువ్వు, చేమంతి. ఒకసారి ఆలోచించండి. చెర్రీ వసంతంలో పూస్తుంది. చేమంతి శరత్తులో పూస్తుంది. రెండు ఋతువులూ ఒక్క స్త్రీ ఒంటి మీద ఉన్నాయి. ఆమె ముఖం మనకు సగమే కనబడుతుంది. బట్ట మాత్రం వీపంతా కనబడుతుంది. నడుము పట్టీ, దాన్ని ఓబీ అంటారు, దాని ముడి కూడా స్పష్టంగా కనబడుతుంది. అది అప్పట్లో ఒక నాటకాల నటుడి వల్ల వాడుకలోకి వచ్చిన కొత్త ముడి. ఆమె వీపు తిప్పింది మనకు ఇవన్నీ చూపించడానికే అని నాకనిపిస్తుంది. జపాను తపాలా శాఖ 1948లో ఈ బొమ్మతో ఒక స్టాంపు వేసింది. స్టాంపులు కూడబెట్టే పిల్లలు ఒకప్పుడు కలలు కన్న స్టాంపు అది.

ఇప్పుడు బట్టలోని అక్షరాలు రెండు మూడు నేర్చుకుందాం. అన్నీ చెప్పను, రెండు మూడు చాలు.

మొదటిది చేయి. కిమోనో చేయి పొడుగ్గా, దాదాపు నేలను తాకేలా వేలాడుతుంటే ఆ పిల్లకు పెళ్ళి కాలేదు. పెళ్ళయితే ఆ చేతులు పొట్టివవుతాయి. రెండోది ఓబీ ముడి. పెద్ద ముడి ముందువైపు, పొట్ట మీద ఉంటే ఆమె చాలావరకు వేశ్యావాటికలో ఉండే స్త్రీ. మూడోది పళ్ళు. పెళ్ళయినవాళ్ళు పళ్ళు నల్లగా చేసుకునేవారు. ఇనుము నానబెట్టిన పులుపు నీళ్ళు, మాచికాయ పొడి కలిపి పూసుకునేవారు. పిల్లలు పుట్టాక కనుబొమలు తీసేసేవారు. కాబట్టి బొమ్మలో పొట్టి చేయి, నల్లని పళ్ళు, కనుబొమలు లేని నుదురు కనబడితే, మీరు చూస్తున్నది ఒక తల్లిని. ఎవరూ చెప్పకుండానే మీకు తెలిసిపోతుంది.

పువ్వుల్లో కథలు దాగి ఉంటాయి. ఒక్కటి చెబుతాను. ఒక కిమోనో మీద ఐరిస్ అనే నీటి మొక్క పువ్వు ఉంటుంది. దాని పక్కన వంకర టింకరగా వేసిన చెక్కపలకల వంతెన ఉంటుంది. మామూలు చూపుకు అది ఒక చెరువు. చదువుకున్న జపానువాళ్ళకు అది ఒక పాత కథ. ఒకాయన రాజధాని వదిలి చాలా దూరం పోతూ, అలాంటి వంతెన దగ్గర ఆగాడు. అక్కడ విరిసిన ఐరిస్ పూలు చూసి, ఇంటి దగ్గర వదిలివచ్చిన భార్యను తలుచుకున్నాడు. 'ఇసె గాథలు' అనే పుస్తకంలోని కథ అది. ఇప్పుడా కిమోనో కట్టుకున్న స్త్రీని మళ్ళీ చూడండి. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. కానీ ఆమె ఎవరికోసమో ఎదురుచూస్తోందని మీకు అర్థమైంది. ఆ బాధ చెప్పింది ముఖం కాదు, బట్ట.

1765 ప్రాంతంలో ఒక పెద్ద మార్పు వచ్చింది. అంతవరకు చెక్క అచ్చుతో కాగితం మీద అద్దే బొమ్మల్లో రెండు మూడు రంగులే ఉండేవి. సుజుకి హరునొబు అనే చిత్రకారుడి కాలంలో, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చుచెక్క చెక్కి, ఒకే కాగితం మీద వరసగా అద్దడం మొదలైంది. ఉన్నవాళ్ళు కొత్త సంవత్సరానికి చిత్రాల క్యాలెండర్లు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే సరదా నుంచి పుట్టిన పని అది. గీసేవాడు ఒకడు. చెర్రీ చెక్క మీద చెక్కేవాడు ఒకడు. రంగు అద్దేవాడు ఒకడు. డబ్బు పెట్టి అమ్మేవాడు ఇంకొకడు. నలుగురి చెమట పడితే ఒక బొమ్మ. నుదుటి దగ్గర వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడతాయి చూశారా, అవి చెక్కేవాడి చేతి గొప్పతనం.

మరి ఆ స్త్రీల తెల్లని ఒంటికి ఏ రంగు వేశారు? ఏ రంగూ వేయలేదు. చెట్టు బెరడుతో చేసిన ఆ కాగితమే ఆమె ఒళ్ళు. చుట్టూ రంగులు అద్ది, చర్మం ఉన్నచోట కాగితాన్ని అలాగే వదిలేశారు. ఇది తెలిశాక ఈ బొమ్మల్ని నేను ఇంకా ఎక్కువ ప్రేమించాను.

ఇక కితగవా ఉతమరో అనే చిత్రకారుడి దగ్గరికి వద్దాం. 1790ల నాటి మాట. ఆయన స్త్రీని దగ్గరికి తెచ్చాడు. నిలువెత్తు బొమ్మ వదిలేసి, తల, భుజాలు మాత్రమే కాగితం నిండా వేశాడు. వెనక అభ్రకం పొడి అద్దించాడు. దీపం వెలుగులో కాగితాన్ని కొంచెం కదిపితే ఆ నేపథ్యం తళుక్కుమంటుంది. ఆయన బొమ్మల్లో ఒక అమ్మాయి గాజు గొట్టాన్ని నోట పెట్టుకుని ఊదుతుంటుంది. ఊదితే టిక్కుమని చప్పుడు చేసే ఆటవస్తువు. ఆమె కిమోనో ఎరుపు, తెలుపు గళ్ళు. పొడుగాటి చేతులు. గళ్ళ మీద పూలు. పెళ్ళి కాని పిల్ల, ఆట వయసు, ఇంకా బరువు తెలియని మనసు. ఆ గళ్ళకు కూడా ఒక చరిత్ర ఉంది. ఇచిమత్సు అనే నటుడు రంగస్థలం మీద అవి వేసుకున్నాక ఊరంతా వేసుకుంది. 2020 టోక్యో ఒలింపిక్స్ చిహ్నంలో నీలి గళ్ళు గుర్తున్నాయా? ఆ గళ్ళే ఇవి.

ఉతమరోదే ఇంకొక బొమ్మ. ముగ్గురు యువతులు. ముగ్గురూ ఎదోలో నిజంగా ఉన్నవాళ్ళే. ఒకిత అనే పిల్ల అసకుసా గుడి దగ్గర టీ అంగడిలో టీ అందించేది. ఒహిసా వాళ్ళది బియ్యప్పిండి బిస్కెట్ల దుకాణం. తొయొహినా పాటలు పాడేది. ముఖాలు దాదాపు ఒక్కలాగే ఉన్నాయి, కాస్త ముక్కు తేడా, కాస్త కంటి తేడా. మరి ఎవరెవరో ఎలా తెలిసేది? బట్ట మీద చిన్న గుర్తు ఉంటుంది. ఇంటి గుర్తు. ఒకిత దగ్గర పౌలోనియా ఆకు, ఒహిసా దగ్గర మూడు ఓక్ ఆకులు, తొయొహినా దగ్గర ప్రిమ్‌రోజ్ పువ్వు. ఎదో కుర్రవాళ్ళు ముందు చూసేది ఆ గుర్తునే.

ప్రభుత్వానికి ఇది నచ్చలేదు. మామూలు ఇళ్ళ ఆడపిల్లల పేర్లు బొమ్మల మీద రాయకూడదన్నారు. అప్పుడు ఉతమరో ఏం చేశాడు? పేరు రాయలేదు. మూలన చిన్న పొడుపుబొమ్మ వేశాడు. రెండు కట్టల ఆకుకూర, ఒక బాణం, సముద్రం, ఒక వరిమడి. వరసగా వాటి పేర్లు పలికితే నానివా అంగడి ఒకిత అని వస్తుంది! 1796లో ఆ పొడుపుబొమ్మల్నీ నిషేధించారు. ఆ తర్వాత పెద్ద తలల బొమ్మల్నీ వద్దన్నారు. 1804లో, పాత పాలకుడైన హిదెయోషిని బొమ్మల్లో వేసినందుకు ఉతమరో చేతులకు 50 రోజులు సంకెళ్ళు వేశారు. రెండేళ్ళకు చనిపోయాడు. బొమ్మల్లో గుర్తులు అందం కోసం మాత్రమే పుట్టలేదని మనకు ఇక్కడ తెలుస్తుంది. నోరు నొక్కితే గుర్తు మాట్లాడింది.

ఇప్పుడు ఎరుపు గురించి. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇది మనకు తెలిసిన పంట.

ఆ బొమ్మల్లో పెదవుల ఎరుపు, మెడ దగ్గర తొంగిచూసే లోపలి వస్త్రపు ఎరుపు, ఎక్కువగా కుసుమ పువ్వు నుంచి వచ్చింది. అవును, మన కుసుమే. తాండూరు, వికారాబాద్ వైపు నల్లరేగడి చేలల్లో యాసంగిలో వేస్తారే, గింజల కోసం, నూనె కోసం, ఆ కుసుమే. జపాను ఉత్తరాన యమగత ప్రాంతంలో దాన్ని పూరేకుల కోసం పండించారు. ఆ మొక్కకు ముళ్ళుంటాయని మీకు తెలుసు. అందుకే మంచు తడికి ముళ్ళు మెత్తబడి ఉండే తెల్లవారుజామునే కోసేవారు. పూరేకుల్లో ఎక్కువ భాగం పసుపే. ఎరుపు నూటికి ఒక వంతు. పసుపును నీళ్ళలో కడిగేసి, పూరేకుల్ని పులియబెట్టి, ఉండలు చేసి, పడవల మీద క్యోతోకు పంపేవారు. అక్కడ బూడిద నీళ్ళతో ఎరుపును బయటికి లాగి, పులుపు కలిపి గట్టిపరిచేవారు. కోసిన రైతు ఆడపిల్లలు ఆ ఎరుపును పెదవికి పూసుకునే స్తోమత లేనివాళ్ళు. అంత ఖరీదు.

ఇందులో ఒక వింత ఉంది. ఈ ఎరుపును పెదవి మీద పొర మీద పొర దట్టంగా పూస్తే, పైన ఆకుపచ్చ మెరుపు వస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో అదే గొప్ప ఫ్యాషను. కెయిసయి ఐసెన్ వేసిన స్త్రీలను చూడండి. కింది పెదవి పచ్చగా ఉంటుంది. అచ్చు తప్పనుకునేరు. తప్పు కాదు. "నా పెదవి మీద ఎంత రంగు ఉందో చూడండి" అని ఆ పచ్చదనం చెబుతోంది. డబ్బు లేనివాళ్ళు ముందు సిరా పూసి, దానిమీద పల్చగా ఎరుపు పూసి, ఆ మెరుపు తెప్పించుకునేవారు. ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. మనం ఈ రోజు చూసే రంగులు చాలావరకు వాళ్ళు వేసిన రంగులు కావు. మళ్ళీ చెబుతున్నాను. మనం చూసేవి వాళ్ళు వేసిన రంగులు కావు. అవి ఆకుల రసాలు, పూల రసాలు. వెలుతురు తగిలితే వెలిసిపోతాయి. అప్పటి నీలం పొద్దున్నే పూసే ఒక చిన్న గడ్డిపువ్వు నుంచి తీసేవారు. అది చెమ్మకే పోతుంది. ఆ నీలం, కుసుమ ఎరుపు కలిపితే ఊదా వచ్చేది. నీలం పోయింది, ఎరుపు వెలిసింది. అందుకే చాలా బొమ్మల్లో ఊదా కిమోనోలు ఇప్పుడు లేత గోధుమ రంగులో కనబడతాయి. 1830 నాటికి యూరపు నుంచి చెదరని కొత్త నీలం వచ్చింది, అది మాత్రం నిలిచింది. కాబట్టి "జపానువాళ్ళకు వెలిసిన, నెమ్మదైన రంగులంటే ఇష్టం" అని ఎవరైనా అంటే తొందరపడి ఒప్పుకోకండి. వాళ్ళు వేసినప్పుడు అవి కళ్ళు జిగేలుమనే రంగులు.

మనకెలా తెలుసంటారా? అమెరికాలో స్పాల్డింగ్ సోదరులు ఇద్దరు వేల కొద్దీ బొమ్మలు సేకరించారు. 1921లో వాటిని బోస్టన్ లలితకళల మ్యూజియానికి ఇచ్చేశారు. ఒకే షరతు పెట్టారు. ఎప్పుడూ గోడకు తగిలించి ప్రదర్శించకూడదు. ఆ షరతు వల్ల ఆ బొమ్మలకు వెలుతురు తగల్లేదు. ఊదా ఊదాగానే ఉంది, గులాబీ గులాబీగానే ఉంది.

అందం గురించి ఇంత మాట్లాడి ఒక సంగతి దాచడం న్యాయం కాదు. ఈ బొమ్మల్లో చాలామంది స్త్రీలు ఎదోలోని యోషివారా అనే వేశ్యావాటికలో ఉన్నవాళ్ళు. పేద ఇళ్ళలో అమ్ముడుపోయి వచ్చిన పిల్లలు. వాళ్ళ పట్టు, వాళ్ళ దువ్వెనలు వాళ్ళ అప్పుగా మారేవి. బొమ్మలు ఆ ఇళ్ళకు ప్రకటనలు కూడా. దీన్ని తెలిసి చూడాలి. చిత్రకారుడు హొకుసయి కూతురు ఓయి తెలిసి చూసింది. ఆమె వేసిన యోషివారా రాత్రి చిత్రంలో బయట చీకటి, లోపల దీపాల వెలుగు, మధ్యలో చెక్క కటకటాలు. లోపల బారులు తీరి కూర్చున్న స్త్రీల ముఖాలు ఆ కటకటాల వెనక సరిగా కనబడవు. ముఖం అందకపోవడమే అక్కడ అసలు విషయం. తన సంతకాన్ని ఆమె మూడు లాంతర్ల మీద ఒక్కో అక్షరంగా పెట్టింది.

చివరగా క్యోతోకు చెందిన చిత్రకారిణి ఉఎమురా షోఎన్. 1875లో పుట్టింది. పుట్టకముందే తండ్రి పోయాడు. తల్లి టీ ఆకుల దుకాణం నడిపి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. ఆడపిల్లకు బొమ్మలేమిటని బంధువులు అన్నా వినలేదు, నేర్పించింది. 1918లో షోఎన్ 'జ్వాల' అనే బొమ్మ వేసింది. గెంజి గాథలోని రొకుజో. అసూయతో ప్రాణం ఉండగానే ఆత్మ బయటికి వచ్చి తిరిగిన స్త్రీ. ఆమె కూడా వెనక్కి తిరిగి చూస్తోంది, పళ్ళ మధ్య తన జుట్టు కొస కొరుకుతూ. కిమోనో పాలిపోయి ఉంది. దాని మీద ఆసరా వెతుక్కుని అల్లుకునే విస్టీరియా తీగ, దాని పూలు. ఆ పూల మీద సాలెగూడు! ఆమె ఎవరిని పట్టుకుని వేలాడిందో, ఎందులో చిక్కుకుందో ఆ రెంటిలో ఉంది. కళ్ళ తెల్లభాగం వెనక, పట్టుగుడ్డ వెనకవైపు నుంచి, బంగారం పూసింది. 'నో' అనే జపాను నాటకంలో ఆత్మల ముసుగు కళ్ళకు అలాగే బంగారం ఉంటుంది.

1934లో తల్లి చనిపోయింది. ఆ ఏడాదే షోఎన్ 'తల్లీ బిడ్డ' అనే బొమ్మ వేసింది. ఆ తల్లికి కనుబొమలు లేవు. తీసేసిన చోట లేత నీలి నీడ ఉంది. పెళ్ళయి, బిడ్డను కన్న స్త్రీ గుర్తు అది. కొన్నేళ్ళకు షోఎన్ తన వ్యాసాల పుస్తకానికి ఆ నీలి కనుబొమల పేరే పెట్టుకుంది. 1948లో జపాను సంస్కృతి పురస్కారం అందుకుంది. ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమె.

శ్రోతలారా, బోస్టన్ మ్యూజియంవారు స్పాల్డింగ్ బొమ్మల ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టారు. డబ్బు కట్టనక్కర్లేదు. ఇంట్లో ఫోన్ ఉంటే చాలు. ఈ రాత్రి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క బొమ్మ, ఒకే ఒక్కటి తెరవండి. తొందరపడకండి. చేయి పొడుగో పొట్టో చూడండి, పువ్వేమిటో వెతకండి, ఆ ఊదా రంగు దగ్గర కాసేపు ఆగండి. ఆమె ఎవరై ఉంటుందో పిల్లల్ని చెప్పమనండి.